పాత వార్త లింకు నొక్కితే హోమ్ పేజీ ఎందుకొస్తోంది సార్?

సంపాదకులు గారికి నమస్కారం.

మా నాన్న చందా కట్టినప్పట్నుంచీ మా ఇంటికి మీ పేపరే వస్తోంది, కానీ ఉత్తరం రాయడం నాకు ఇదే మొదటిసారి. రోడ్ల గుంతల గురించో కరెంటు కోతల గురించో కాదండి, మీ వెబ్‌సైట్ గురించి. కొంచెం పొడుగొచ్చింది, చోటు లేకపోతే కత్తిరించుకోండి పర్లేదు, కాకపోతే మధ్యలో ఉన్న టెక్నికల్ ముక్క మాత్రం ఉన్నదున్నట్టు మీ ఐటీ వాళ్ళ చేతిలో పెట్టండి, అసలు ఉత్తరం రాసిందే దానికోసం.

మాది తెనాలి పక్కన ఒక ఊరు. కిందటేడు మా హైస్కూల్‌కి యాభై ఏళ్ళు నిండాయని పాత విద్యార్థులందరం కలిసి ఒక సావనీర్ వేశాం, 500 కాపీలు. బడి గురించి మీ పేపర్లో వచ్చిన పాత వార్తలు అందులో ఉండాలని మా తెలుగు మాస్టారి కోరిక. అన్నీ అచ్చేస్తే పేజీలు పెరుగుతాయి, ప్రెస్ ఆయన ఫారానికి ఇంత అని లెక్క చెప్తాడు, అందుకని నేనే పెద్ద తెలివైనోడిలా ఒక ఐడియా ఇచ్చా, వార్త హెడ్డింగ్ వేసి పక్కన క్యూఆర్ కోడ్ వేద్దాం మాస్టారూ, ఫోన్‌తో స్కాన్ చేస్తే పేపర్ వాళ్ళ సైట్లో వార్తే తెరుచుకుంటుంది అని. ఖోఖో ఆడపిల్లలు రాష్ట్ర పోటీలకి వెళ్ళింది, గాలివానకి సైన్స్ ల్యాబ్ రేకులు లేచిపోయింది, మాస్టారికి ఉత్తమ ఉపాధ్యాయుడు అవార్డు వచ్చింది, ఇలా మొత్తం 11 వార్తలు. ప్రెస్‌కి ఇచ్చేముందు పదకొండూ నేనే కూర్చుని స్కాన్ చేసి చూశా, అన్నీ చక్కగా ఓపెన్ అయ్యాయి.

మొన్న సంక్రాంతికి మాస్టారింటికి మనవడు వచ్చాడంట. తాతగారు మురిసిపోతూ సావనీర్ తీసి ఆ అవార్డు వార్త పక్కన కోడ్ స్కాన్ చేయమన్నారంట. కాసేపటికి నాకు ఫోన్. "ఒరేయ్, నా అవార్డు వార్త అని వీడికి చూపిద్దామంటే ఎవరో హీరోయిన్ మాల్దీవుల్లో కూర్చోనుందిరా, కింద బంగారం రేటు, ఇదేందిరా?" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నేనూ స్కాన్ చేశా. పదకొండుకి పదకొండూ మీ హోమ్ పేజీకే పోతున్నాయి.

మీరు ఈమధ్య సైట్ మొత్తం కొత్తగా మార్చారు కదా, చూడ్డానికి బాగుంది, ఫోన్లో స్పీడ్‌గా కూడా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మార్చేటప్పుడు పాత అడ్రస్‌ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నా పని కూడా ఇదేనండి, తెనాలిలో చిన్న ఆఫీసు పెట్టుకుని రైసు మిల్లులు, కోచింగ్ సెంటర్లు, పచ్చళ్ళ షాపులు ఇలాంటివాళ్ళ వెబ్‌సైట్లు చూసుకుంటా, అందుకే ఇది నాకు వెంటనే కంట్లో పడింది.

ఆ రాత్రి మాస్టారి వార్త లింకు తీసుకుని కర్ల్ అనే కమాండ్‌తో చూశా. అది బొమ్మలూ యాడ్‌లూ ఏమీ చూపించదు, నల్ల స్క్రీన్ మీద సర్వర్ ఏం సమాధానం చెప్పిందో అంత వరకే చూపిస్తుంది. మొదటి లైను 301, మామూలు అడ్రస్ నుంచి తాళం గుర్తున్న అడ్రస్‌కి. రెండోది మళ్ళీ 301, ముందు మూడు డబ్ల్యూలు లేని దాన్నుంచి ఉన్నదానికి. మూడోది 302, మొబైల్ సైట్‌కి. నాలుగోది 302, అక్కణ్ణుంచి హోమ్ పేజీకి. చివర్లో 200, అంటే అంతా క్షేమం అని. నాలుగు గెంతులు గెంతి హీరోయిన్ దగ్గర కూర్చుంది లింకు.

ఈ నంబర్లు తెలీనివాళ్ళకి చెప్తా. మా బోసు రోడ్డులో షాపు ఖాళీ చేసి రణరంగ చౌక్ దగ్గరికి మారినాయన పాత షట్టర్ మీద "మా షాపు ఫలానా చోటికి మార్చబడినది" అని పెయింట్‌తో రాయించి వెళ్తాడు చూడండి, అది 301. ఇక తిరిగి రాడు, మీరు కూడా మీ పుస్తకంలో అడ్రస్ మార్చుకోండి అని అర్థం. 302 అంటే అట్ట ముక్క మీద "భోజనానికి వెళ్ళాను, పక్క షాపులో అడగండి" అని తగిలించడం, పాత అడ్రస్ అలాగే ఉంచుకోండి అని. 404 అంటే షట్టర్ దించి ఉంది, ఏమీ రాసి లేదు. 410 అంటే షాపు మూసేశారు, ఇంకెక్కడా పెట్టలేదు అని మొహం మీదే చెప్పడం. గూగుల్ ఈ నంబర్లు చూసే తన పుస్తకంలో ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో తేల్చుకుంటుంది.

మీరు 301, 302 రెండూ వాడారు గానీ, బోర్డు మీద రాసింది సరైన చోటు కాదు. ఎవరు ఏ ఊరికి టికెట్ తీసుకున్నా అందర్నీ తీసుకెళ్ళి విజయవాడ బస్టాండ్‌లో దింపేసినట్టుంది. అదేంటంటే 404 చూపిస్తే బాగోదని, వచ్చిన మనిషి పోకుండా ఉంటాడని చాలామంది ఇలాగే చేస్తారు, నా దగ్గరికొచ్చే క్లయింట్లు కూడా "అన్నీ హోమ్ పేజీకి కొట్టేయ్ తమ్ముడూ" అనే అంటారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. సంబంధం లేని హోమ్ పేజీకి గుంపుగా తోలేస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404 కింద లెక్కేస్తుంది, అంటే పైకి 200 అంటున్నా లోపల సరుకు లేదు అని. పాత వార్తకి ఇన్నేళ్ళుగా ఉన్న పరపతి కొత్త అడ్రస్‌కి రాదు, పాతది గూగుల్ పుస్తకం (ఇండెక్స్ అంటారు) నుంచి మెల్లగా జారిపోతుంది. పైగా 404 అయితే లింకు చచ్చిందని కనీసం తెలుస్తుంది. తెలుగు వికీపీడియాలో వ్యాసాల కింద మూలాలుగా పేపర్ల లింకులు ఉంటాయి కదా, హోమ్ పేజీకి పోయే లింకు ప్రోగ్రాముతో చెక్ చేసేవాళ్ళకి బతికున్నట్టే కనపడుతుంది, 200 అంటోంది కాబట్టి. చచ్చిందన్న సంగతి కూడా బయటికి రాదు.

ఇంకో విషయం కనిపెట్టా, అసలు ఇది రాయడానికి కూర్చోబెట్టింది అదే. మీ పాత అడ్రస్‌లో చివర ఒక నంబర్ ఉండేది. కొత్త సైట్లో కూడా వార్తల అడ్రస్ చివర నంబర్ ఉంటోంది. ఊరికే, ఏమవుద్దో చూద్దామని మాస్టారి వార్త పాత నంబర్ తీసి కొత్త అడ్రస్ చివర పెట్టి ఎంటర్ కొట్టా. వచ్చేసింది సార్! ఫోటోతో సహా, కలెక్టర్ గారి చేతుల మీదుగా శాలువా కప్పించుకుంటూ మాస్టారు. పదకొండూ అలాగే ట్రై చేస్తే 9 వచ్చాయి, రెండే రాలేదు. అంటే వార్తలు పోలేదు, మీ దగ్గరే భద్రంగా ఉన్నాయి, షట్టర్ మీద బోర్డు రాయించడమే మర్చిపోయారు.

మరి ఉన్నాయి కదా, గూగుల్‌లో వెతికితే ఎందుకు రావట్లేదని ఆ పేజీ సోర్స్, అంటే వెనకుండే కోడ్ తెరిచి చూశా. కెనానికల్ అని ఒక ట్యాగ్ ఉంటుంది, 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ ముగ్గురూ కలిసి పెట్టుకున్న ఏర్పాటు, ఒకే సరుకు నాలుగు అడ్రస్‌ల్లో ఉంటే అసలుది ఏదో చెప్పడానికి. మీ పాత వార్తలన్నిట్లో అది హోమ్ పేజీని చూపిస్తోంది. అంటే ప్రతి వార్తా "నేను అసలుదాన్ని కాదు, హోమ్ పేజీకి నకలుని" అని తనంతట తనే చెప్పుకుంటోంది. గూగుల్ ఆ మాటని సలహాగానే తీసుకుంటుంది, ఖచ్చితంగా వినాలని లేదు, కానీ సైట్‌మ్యాప్‌లో, అంటే గూగుల్ కోసం పేజీల అడ్రస్‌లు రాసిపెట్టే లిస్టులో, ఆ పేజీలు లేవు, సైట్లో ఎక్కణ్ణుంచీ వాటికి లింకు లేదు, పైన ఈ ట్యాగ్ ఒకటి, ఇన్ని కలిస్తే ఇంక దాన్ని ఎవరు పట్టించుకుంటారు. కొత్త టెంప్లేట్, అంటే పేజీల మూస తయారు చేసినప్పుడు హోమ్ పేజీ ఫైలు కాపీ కొట్టి మిగతావి చేసుంటారు, ఆ ఒక్క లైను మార్చడం మర్చిపోయుంటారు. ఎలా తెలుసంటే నేనూ ఇలాంటివి చేశా.

నా సంగతి చెప్తా, మిమ్మల్నే అంటే బాగోదు. పని మొదలెట్టిన కొత్తల్లో ఒక పచ్చళ్ళ షాపు సైట్ వర్డ్‌ప్రెస్ అనే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చా. తయారవుతున్నప్పుడు సగం సగం పేజీలు గూగుల్‌కి కనపడకూడదని సెట్టింగ్స్‌లో "సెర్చ్ ఇంజిన్లకి వద్దని చెప్పు" అనే గడిలో టిక్ పెట్టా. సైట్ లైవ్ చేసినరోజు షాపాయన స్వీట్లు కూడా పంచాడు, ఆ టిక్ మాత్రం తీయలేదు నేను. మూడు వారాలకి షాపు పేరు కొట్టినా గూగుల్‌లో లేదు. అదీ ఏ నెల, ఏప్రిల్, కొత్తావకాయ సీజన్! డల్లాస్‌లో ఉండే ఒకావిడ ఏటా ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేది, ఆవిడ ఫోన్ చేసి "మీరు షాపు మూసేశారా అండీ" అని అడిగిందంట. గోంగూర పచ్చడి పేజీని ఆవిడ బుక్‌మార్క్ చేసుకుంది, పాత అడ్రస్ చివర డాట్ హెచ్‌టీఎమ్ఎల్ ఉండేది, కొత్తదానికి లేదు, పాతదాన్నుంచి కొత్తదానికి మళ్ళించే రీడైరెక్ట్ నేను పెట్టలేదు. షాపాయన నన్ను ఒక్క మాట అన్లేదు, లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడంతే. అది ఇప్పటికీ మర్చిపోలేదు.

టిక్ తీశాక కూడా అన్నీ ఒక్కరోజులో తిరిగి రాలేదు. గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్ అని ఒకటుంటుంది, సైట్ ఓనర్లకి ఫ్రీనే, అందులో ఏ పేజీ ఇండెక్స్ అయింది ఏది అవ్వలేదు అని రిపోర్ట్ ఇస్తారు. చాలా పేజీల పక్కన "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్" అని ఉండేది. ఇదేంటన్నాడు షాపాయన. పెళ్ళిచూపులకి వచ్చారు, స్వీటూ హాటూ తిన్నారు, ఇంటికెళ్ళి కబురు చేస్తాం అన్నారు బాబాయ్ అని చెప్పా. మరి ఈ "డిస్కవర్డ్" ఏంటి అన్నాడు. పిల్ల ఉందని తెలిసింది, ఇంకా చూడ్డానికి రాలేదు అన్నా. ఆయనకి వెంటనే అర్థమైంది, ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

ఈ ఫీల్డులో అందరూ తికమక పడేది ఇంకోటుంది. రోబోట్స్ ఫైలు అనేది గేటు మీద "లోపలికి రావద్దు" బోర్డు. నోఇండెక్స్ అనేది ఇంట్లో టేబుల్ మీద పెట్టిన చీటీ, "నా పేరు మీ పుస్తకంలో రాయొద్దు" అని. కొందరు అతి జాగ్రత్తకి రెండూ పెడతారు. గేటు దగ్గరే ఆపేస్తే గూగుల్ లోపలికొచ్చి చీటీ ఎలా చదువుతుంది? అందుకే తీసేయాలనుకున్న పేజీలు ఒక్కోసారి ఖాళీ పేరుతో గూగుల్‌లో వేలాడుతూనే ఉంటాయి. మీ సైట్లో ఈ గొడవ లేదు, చూశా, ఊరికే చెప్తున్నా.

మన తెలుగుకి మాత్రం ప్రత్యేకంగా ఒక బాధ ఉంది, ఇది ఇంగ్లీషు సైట్ల వాళ్ళకి తెలీదు. అడ్రస్‌లో తెలుగు హెడ్డింగ్ పెడితే లోపల ప్రతి తెలుగు గుర్తూ తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా మారిపోద్ది, శాతం గుర్తులూ అంకెలూ అక్షరాలూ కలిసి. గుణింతం గుర్తు కూడా విడిగా లెక్కే. "తెనాలి" అని రాస్తే త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి, మొత్తం ఆరు, అంటే 54. వర్డ్‌ప్రెస్‌లో ఈ ముక్కకి మామూలుగా 200 వరకే చోటు. "తెనాలి మార్కెట్ యార్డులో" అన్న మూడు ముక్కలు మధ్య గీతలతో కలిపి సరిగ్గా 200 వస్తుంది, కావాలంటే లెక్కేసుకోండి. ఆ తర్వాత కట్. యార్డులో ఏమైంది, మిర్చి రేటు పెరిగిందా, నిప్పంటుకుందా, అడ్రస్ చూసి తెలీదు. రేపు ఇంకో వార్త అవే మూడు మాటలతో మొదలైతే దాని చివర 2 అని అంకె తగిలిస్తుంది. ఇంక రీడైరెక్ట్ లిస్టు ఎక్సెల్లో వేసుకున్నప్పుడు అసలు తమాషా, పాత సైట్‌లో ఆ శాతం గుర్తుల పక్క అక్షరాలు చిన్నబడిలో ఉంటాయి, కొత్త సర్వర్ పెద్దబడిలో రాస్తుంది, మనిషి కంటికి రెండూ ఒకటే, ప్రోగ్రామ్‌కి వేరు వేరు, ఒక్కటీ మ్యాచ్ అవ్వదు. ఇది కనిపెట్టడానికి ఒకసారి నాకు రెండు రాత్రులు పట్టింది. అందుకే అడ్రస్ చివర మీరు నంబర్ పెట్టడం చాలా మంచి పని, అది మాత్రం ఎప్పటికీ తీయొద్దని ఐటీ వాళ్ళకి చెప్పండి.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంతకన్నా ఘోరం. అన్ని భాషల అక్షరాలకీ ఒకే నంబర్ల పద్ధతి యూనికోడ్, అందులో తెలుగు 1991 నుంచే ఉంది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా వచ్చింది, అయినా చాలా తెలుగు పేపర్లు చాలా ఏళ్ళు ఎవరి ఫాంట్ వాళ్ళు వాడుకున్నారు. ఆ ఫాంట్ ఉంటే చదవొచ్చు, కాపీ చేసి వేరేచోట పెడితే పిచ్చి గుర్తులు. గూగుల్‌కి కనపడింది ఆ పిచ్చి గుర్తులే కాబట్టి ఆ కాలం వార్తలు తెలుగులో వెతికితే దొరికే ప్రశ్నే లేదు. ఈ-పేపర్ కటింగులు వాట్సాప్‌లో తిప్పుతున్నాం, అవి బొమ్మలు, వాటిదీ ఇంచుమించు అదే కథ. తెలుగులో వెతికితే దొరికే వార్తలే తక్కువ, ఉన్నవాటిని మనమే చేజేతులా పారేసుకుంటే ఎట్లా అండీ.

ఇది మీ ఒక్కరి జబ్బని కూడా అనను. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు 2024లో లెక్క తీస్తే 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళకి దొరక్కుండా పోయాయి. గూగుల్ కూడా తన పొట్టి లింకుల సర్వీసు ఆపేస్తున్నాం, 2025 ఆగస్టు 25 తర్వాత ఏ లింకూ పని చేయదు అని చెప్పి, తీరా ఆ నెలొచ్చేసరికి వెనక్కి తగ్గి, జనం ఇంకా వాడుతున్నవి ఉంచుతాం అంది. ఇదివరకు గూగుల్‌లోనే పాత కాపీ చూసే వీలుండేది, 2024లో అదీ తీసేశారు. ఇంక మిగిలింది ఇంటర్నెట్ ఆర్కైవ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటుంది, 1996 నుంచి వెబ్ పేజీలు దాస్తోంది. మా పదకొండు వార్తలూ అక్కడ వెతికా, నాలుగు దొరికాయి, ఖోఖో వార్త ఫోటోతో సహా ఉంది. గుంటూరు జిల్లా ఎడిషన్ వార్త శాన్‌ఫ్రాన్సిస్కోలో దొరుకుతోంది గానీ వేసినవాళ్ళ సైట్లో దొరకట్లేదు.

ఇప్పుడు ఐటీ వాళ్ళకి. అన్నా, పాత నంబరే కొత్త నంబర్ కాబట్టి లక్షల వార్తలున్నా లక్షల లైన్లు రాయక్కర్లేదు, సర్వర్‌లో ఒక్క రూల్ చాలు, పాత అడ్రస్‌లో నంబర్ పట్టుకుని కొత్త అడ్రస్‌కి 301 కొట్టడం. 302 కాదు. ఒకే గెంతులో నేరుగా చేరాలి, డబ్ల్యూలూ తాళమూ మొబైలూ అని మధ్యలో మజిలీలు వద్దు, పేజీలు చదవడానికొచ్చే గూగుల్ ప్రోగ్రాము (గూగుల్ బాట్) పది గెంతుల దాకా ఓపిక పడుతుంది నిజమే గానీ పల్లెటూరి సిగ్నల్లో ఫోన్ పట్టుకున్న మనిషి పడడు. నంబర్ దొరకని వార్తలకి 404 ఇవ్వండి, సిగ్గేం లేదు, ఆ పేజీలో ఒక వెతుకు డబ్బా పెడితే చాలు. కావాలనే తీసేసినవాటికి 410. కెనానికల్ లైను సరిచేసి, ప్రతి పేజీ తన అడ్రస్ తనే చెప్పుకునేలా పెట్టి, పాత వార్తలకి విడిగా సైట్‌మ్యాప్‌లు వేయండి, ఒక్కో ఫైలుకి 50,000 అడ్రస్‌లే పడతాయి కాబట్టి సంవత్సరానికి ఒకటో రెండో వస్తాయేమో. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెప్తుంది, అది గూగుల్ అవసరం వరకు. మా సావనీర్ ఏడాదికి చిరిగిపోదు కదా, తీయకుండా ఉంచేయండి, ఒక్క రూల్‌కి అద్దె ఏమీ పడదు.

ముందు స్టేజింగ్‌లో, అంటే జనానికి కనపడని టెస్ట్ సైట్లో చూసుకుని చేయండి, కంగారులో చేస్తే పాతది కొత్తదానికి, కొత్తది పాతదానికి చూపించుకుంటూ గిరగిరా తిరిగి, క్రోమ్ ఇరవై సార్లు చూసి చేతులెత్తేస్తుంది. ఒక దీపావళి రాత్రి నాకు జరిగింది, వివరాలు వద్దు.

మాస్టారికి తాత్కాలికంగా ఒక పని చేసిపెట్టా, దొరికిన 9 కొత్త అడ్రస్‌లకి మళ్ళీ క్యూఆర్ కోడ్‌లు తీసి స్టిక్కర్లు ప్రింట్ చేసి ఆయన కాపీలో పాత కోడ్‌ల మీద అంటించా. మనవడు స్కాన్ చేశాడు, శాలువా ఫోటో వచ్చింది, తాత జుట్టు ఆ రోజుల్లో ఇంత నల్లగా ఉండేదా అన్నాడు. మిగతా 499 కాపీలు ఊళ్ళో, హైదరాబాద్‌లో, బెంగుళూరులో, అమెరికాలో ఎవరెవరి బీరువాల్లోనో ఉన్నాయి, వాటికి స్టిక్కర్లు నేను అంటించలేను.

మీ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశానండి. మొదటిసారి యాడ్స్ వాళ్ళకి కలిపారు, స్కూల్ యాడ్ అయితే రేటు తగ్గిస్తాం అన్నారు. రెండోసారి సర్క్యులేషన్ వాళ్ళకి కలిపారు. పాత వార్తలు రావట్లేదండీ అన్నా. "ఏ రోజు పేపర్ పడలేదు సార్, ఏజెంట్‌కి చెప్తాం" అన్నారు. పేపర్ రోజూ ఐదున్నరకే పడుతోంది, ఏజెంట్‌ని ఏమీ అనొద్దు. ఆ పదకొండు పాత లింకులూ, నాకు దొరికిన తొమ్మిది కొత్త అడ్రస్‌లూ ఈ ఉత్తరంతో జత చేస్తున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి.